మెల్లగా ఒత్తిన పొరపాటు

అమ్మాయిలూ, ఎక్స్-రే పని నేర్చుకుంటున్న మీరు నన్ను ఎప్పుడు కలిసినా ఒకటే అడుగుతారు, మీ సర్వీసులో బాగా తీసిన ఎక్స్-రే ఏది మేడం అని. నిజం చెప్పాలంటే బాగా తీసినది ఒక్కటీ గుర్తు లేదు. ఫిల్మ్ బాగా వస్తే డాక్టరు అందులో రోగాన్ని చూస్తాడు, తీసిన మనిషిని చూడడు. అది పాడైనప్పుడే, ఇది ఎవరు తీశారని అడుగుతారు. అందుకని నేను పాడు చేసిన ఒక దాని గురించి చెప్తాను. కావాలంటే నవ్వుకోండి, కానీ చివరిదాకా వినండి.

ఏ దవాఖాన అని మాత్రం అడగకండి. మన బొగ్గు బెల్టులో దవాఖానలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టే ఉంటాయి. గోడకు భద్రతా సూత్రాల బోర్డు, పక్కన క్యాంటీను, బెంచీల మీద వంతులవారీగా దగ్గే పెద్దమనుషులు. ఎవరి పేరూ చెప్పను. వాళ్ళలో సగం మంది గోదావరిఖని కూరగాయల మార్కెట్లో నాకు ఇప్పటికీ ఎదురుపడుతూనే ఉంటారు.

మా ఎక్స్-రే గది తలుపు దగ్గర ఒక ఆయా ఉండేది. రామగిరి వైపు పల్లె ఆమెది. భర్త అండర్‌గ్రౌండ్ గనిలో నడుం దెబ్బతిని అన్‌ఫిట్ అయితే ఆయన బదులు కంపెనీ ఈ ఉద్యోగం ఈమెకు ఇచ్చింది. వచ్చిన కొత్తలో గది ముందున్న ఎర్రబల్బు వెలిగితే భయపడి వెనక్కి జరిగేది. ఆరు నెలలు తిరిగేసరికి ఆ బల్బు కంటే ఈమెకే జనం ఎక్కువ భయపడేవాళ్ళు. గొలుసు తియ్యమంటే తియ్యనివాళ్ళను, ఊపిరి బిగబట్టమంటే మాట్లాడేవాళ్ళను ఆమె ఒక్క మాటతో దారికి తెచ్చేది. ఒకసారి గనిలో షిఫ్టు నడిపే, మీసాలు మెలేసిన ఓవర్‌మ్యాన్ ఒకాయన, ఛాతీ ఎక్స్-రేకి వచ్చి, మిషన్ చల్లగా ఉందని చొక్కా విప్పడానికి గింజుకున్నాడు. బొగ్గు బాయిలో వందమందితో పని చేయించే మనిషివి, ఇక్కడ ఒక రేకును చూసి వణుకుతున్నావా అని అడిగింది. ఆయన విప్పాడు.

నన్ను కూడా వదిలేది కాదు. నేను తాపీగా నడుస్తాను, మీకు తెలుసు. "మా అక్క నడిచొచ్చేసరికి ఇరిగిన బొక్క అతుక్కుంటది" అని బెంచీ మీద వాళ్ళకు చెప్పి కూర్చోబెట్టేది. నేను పుట్టిందీ పెరిగిందీ కంపెనీ క్వార్టర్లలోనే. నాన్న ఫిట్టరు, ఆదివారం చర్చి, మిగతా రోజులు షిఫ్టు. మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు. అలాంటి దానికి ఈమె పక్కన కూర్చుని అన్నం తినడం రోజూ ఒక పండుగలా ఉండేది. నా టిఫిన్ డబ్బా మూత నాకంటే ముందు ఆమే తీసేది. చూసి, ఇయ్యాల మళ్ళీ బీరకాయేనా, మీ ప్రభువు వేరే కూరగాయలు పుట్టించలేదా అని అడిగేది. నన్ను అక్కా అనేది, నేను చెల్లె అనేదాన్ని. ఆమె భర్త నన్ను వదినె అనేవాడు. మూడు షిఫ్టులు తిరిగే ఊళ్ళో సొంత చుట్టాలు పండుగలకే దొరుకుతారు. డ్యూటీలో దొరికిన చుట్టాలు రోజూ దొరుకుతారు.

నా సర్వీసు ఇంకా మూడు నాలుగేళ్ళు ఉందనగా మా దవాఖానకు రొమ్ము ఎక్స్-రే తీసే మిషన్ వచ్చింది. దాని పేరు మామోగ్రామ్ మిషన్ అని నేను తెలుగులో, ఇంగ్లీషులో రాసి గోడకు అంటించాను. ఆమె చదివి, ఎవరు పలుకుతరక్కా గిది అని, దానికి చపాతీ మిషన్ అని పేరు పెట్టింది. వారం రోజుల్లో సర్జన్ సార్ కూడా, ఆ పేషెంటుకు చపాతీ అయిందా అని అడిగి, నాలుక కరుచుకున్నాడు.

మీకు తెలుసు కాబట్టి ఎక్కువ చెప్పను. రెండు ప్లేట్ల మధ్య రొమ్మును ఉంచి, పై ప్లేటు దించి ఒత్తాలి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఏటవాలుగా ఒకటి. ఏటవాలు దానికి చెయ్యి ఎత్తి మిషన్ మీద ఆనించి, చంక దగ్గరి కండతో సహా ముందుకు లాగి బిగించాలి. ఫిల్మ్‌లో ఛాతీ కండ తెల్లటి పట్టీలా కిందిదాకా కనపడితేనే రొమ్ము వెనక భాగం పూర్తిగా వచ్చినట్టు. నొప్పి ఉంటుంది. కొన్ని క్షణాలే, కానీ ఉంటుంది. వచ్చిన ఆడవాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు. నేను పట్టించుకునేదాన్ని కాదు. ఈమె వాళ్ళ భుజం పట్టుకుని ఏదో ఒక కథ చెప్పేది. కథ సగంలో ఉండగానే పని అయిపోయేది. మిగతా సగం కోసం కొందరు మరుసటి ఏడాది నిజంగానే వచ్చారు.

అంతమందికి భుజం పట్టుకున్న మనిషి తాను మాత్రం ఆ ప్లేట్ల మధ్యకు రాలేదు. నేను చెప్తూనే ఉన్నాను, ఆమె వాయిదా వేస్తూనే ఉంది. ఇవాళ డ్యూటీ, రేపు బోనాలు, ఎల్లుండి మేనకోడలి సీమంతం.

ఒక మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కుంటూ, మామూలు మాటలాగే చెప్పింది. "అక్కా, వీలైతే నాక్కూడ ఒక చపాతీ చేసిపెట్టు. ఎడమ దిక్కు ఏదో గట్టిగ తాకుతున్నది."

ఎన్ని రోజులైంది అని అడిగాను. కుళాయి కట్టేసి, ఒక నెల దాకా అయితదేమో అంది. నేను తిట్టడానికి నోరు తెరిచేలోపే, తన టిఫిన్ డబ్బా కడగకుండా వెళ్ళిపోయింది. ఆమె డబ్బా కడగకుండా వెళ్ళడం అదే మొదలు.

ఆ రోజే తీశాను. ఇక్కడే నా పొరపాటు మొదలైంది కాబట్టి నిదానంగా చెప్తాను.

గౌను వేసుకుని మిషన్ ముందు నిలబడింది. నోట్లో మాట లేదు. మా గదిలో ఆమె మాట్లాడకుండా ఉండగా నేను అప్పటిదాకా చూడలేదు. స్ట్రెచర్లు తోసీ తోసీ ఎడమ భుజం పట్టేసింది ఆమెకు, చెయ్యి పూర్తిగా లేవదు. కొంచెం ఎత్తగానే పళ్ళు బిగించింది. పై ప్లేటు దించుతుంటే నా వంక చూసింది. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు. నొప్పి అనుకున్నాను. నా చెయ్యి దానంతట అదే సడలిపోయింది. ఎంత బిగించాలో అంత బిగించలేదు. చంక దగ్గరి కండను ముందుకు లాగలేదు. అయిపోయింది చెల్లె, ఇక చీర కట్టుకో అన్నాను.

గంటలో మా రేడియాలజీ డాక్టరు చూశాడు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, వారానికి రెండు రోజులే మా దగ్గరికి వచ్చేవాడు. మాటలను షుగర్ పేషెంటు మిఠాయి తిన్నట్టు వాడేవాడు, తప్పనిసరైతే, అదీ చిన్న ముక్క. తెర మీద చూసి, కళ్ళద్దాలు పైకి జరిపి, వెనక భాగం మొత్తం వచ్చిందా అని అడిగాడు. నేను, ఆమెకు భుజం లేవదు సార్, అంతకంటే రాదు అన్నాను. ఆయన నా మాట నమ్మాడు. ఎందుకు నమ్మడు, ముప్పై ఏళ్ళ సర్వీసు నాది. అంతకంటే వస్తుందని నాకు తెలుసు. ఇంకోసారి నిలబెట్టి, భుజాన్ని మెల్లగా సర్ది, గట్టిగా లాగితే వస్తుంది. కానీ చెల్లె అప్పటికే చీర కట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. మళ్ళీ విప్పమనడానికి నాకు నోరు రాలేదు.

గట్టిగా తగిలిన చోట చిన్న గడ్డ స్పష్టంగానే కనపడింది. దాని మీద, చంక మీద అల్ట్రాసౌండ్ చేశారు. సూదితో ముక్క తీసి పంపారు. పది రోజులకు రిపోర్టు వచ్చింది, కేన్సర్ అని. సర్జన్ సార్ ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. ఆయనకు కోపం ఎక్కువ, కానీ చెడ్డ వార్త చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. గడ్డ చిన్నది, ఒక్కటే ఉంది, చంకలోకి పాకినట్టు లేదు, అందుకని రొమ్ము మొత్తం తీయనక్కర్లేదు, గడ్డ ఉన్న భాగం వరకు తీసి తర్వాత రేడియేషన్ ఇప్పిస్తే సరిపోతుంది అన్నాడు.

ఒక్కటే ఉంది అన్న మాట నా ఫిల్మ్ చూసి అన్నదే. ఆ గదిలో నేనూ ఉన్నాను. తల ఊపాను కూడా.

ఆమె రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మామూలు మనిషైంది. మొత్తం తీయరట అన్న మాట ఆమెకు కొండంత బలం. వార్డులో, క్యాంటీనులో, క్వార్టర్ల లైనులో అందరికీ చెప్పింది. ఆమె భర్త నడుం బెల్టు కట్టుకుని వంట నేర్చుకున్నాడు. నలభై ఏళ్ళలో పొయ్యి ఎటు తిరిగి ఉంటుందో తెలియని మనిషి, మొదటి రోజే పప్పుచారు పెట్టి డబ్బాలో తెచ్చాడు. ఆమె రుచి చూసి, బాయిలో ఊటనీళ్ళు ఇట్లనే ఉంటయా అని అడిగింది. ఆయన చిన్నబుచ్చుకోకుండా, అవే నీళ్ళు, కొంచెం చింతపండు వేసిన అన్నాడు. పోతూ పోతూ వరండాలో నా దగ్గర ఆగి, అన్ని పరీక్షలు మంచిగా అయినట్టేనా వదినె అని అడిగాడు. అయినట్టే అన్నాను. రెండో అబద్ధం మొదటి దానికంటే సులువుగా వచ్చింది.

ఆపరేషన్ బుధవారం. మంగళవారం పొద్దున ఆమెను వార్డులో చేర్చుకున్నారు.

అదే మంగళవారం నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. భర్తకు కొత్తగూడెం నుంచి బదిలీ అయి కొత్తగా వచ్చారు. ఆమె ఎవరో నాకు తెలియదు, నేనెవరో ఆమెకు తెలియదు. లావుపాటి మనిషి, ఆమెకూ చెయ్యి సరిగ్గా లేవదు. నేను పద్ధతి ప్రకారం భుజం సర్ది, కండ ముందుకు లాగి, ప్లేటు బిగించాను. ఆమె నన్ను, నన్ను కన్నవాళ్ళను కూడా తలుచుకుంది. నేను ఊపిరి బిగబట్టమ్మా అని బటన్ నొక్కాను. తెర మీద బొమ్మ వచ్చింది. ఛాతీ కండ తెల్లటి పట్టీలా పైనుంచి కిందిదాకా నిండుగా ఉంది. ఎంత బాగా వచ్చింది అనుకున్నాను. ఆ మాట అనుకున్న క్షణంలోనే చెల్లె ఫిల్మ్ గుర్తొచ్చింది.

ఎవరో తెలియని మనిషికి సరిగ్గా తీశాను. నా మనిషికి సగం తీశాను.

ఆవిడను పంపించి తలుపు వేసుకుని చెల్లె ఫిల్మ్ తెరిచాను. కండ పట్టీ పైన ఒక వేలెడంత ఉండి అక్కడే తెగిపోయింది. దాని కింద రొమ్ము వెనక వైపు ఎంత భాగం ఆ బొమ్మలోకి రాలేదో నాకు తెలుసు. అక్కడ ఏమైనా ఉందో లేదో మాత్రం తెలియదు.

అమ్మాయిలూ, ఆ స్టూలు మీద కూర్చుని నేను ఎన్ని సాకులు వెతికానో మీకు చెప్పాలి, ఎందుకంటే మీకూ అవే సాకులు దొరుకుతాయి. అల్ట్రాసౌండ్ అయింది కదా అనుకున్నాను. అది గడ్డ మీద, చంక మీదే చేశారు, పైగా కొన్ని కేన్సర్లను పట్టించే సన్నటి సున్నపు చుక్కలు అందులో కనపడవు, నాకు తెలుసు. డాక్టరు చూశాడు కదా అనుకున్నాను. నేను అబద్ధం చెప్తే చూశాడు. రేడియేషన్ ఎలాగూ ఇస్తారు కదా అనుకున్నాను. ఏముందో తెలిసి ఇవ్వడం వేరు. నా రిటైర్మెంటు ఇంకో ఏడాది అనుకున్నాను. ఈ సాకు మాత్రం బయటికి ఎవరికీ చెప్పలేదు, మీకే మొదటిసారి చెప్తున్నాను.

ఆ రోజు రేడియాలజీ డాక్టరు వచ్చే రోజే కావడం నా అదృష్టం. ఆయన టీ తాగుతున్నాడు. ఎదురుగా నిలబడి, ఆ రోజు మీరు అడిగితే నేను అబద్ధం చెప్పాను సార్ అన్నాను. మొత్తం చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. టీ గ్లాసు పక్కన పెట్టి, ఎందుకు అని ఒక్క మాట అడిగాడు. ఆమెకు నొప్పి పుడుతుందని అన్నాను. మనం డబ్బులు తీసుకునేది నొప్పి పెట్టడానికే కదమ్మా అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన అన్నేళ్ళలో అదే పొడుగు వాక్యం.

సర్జన్ సార్ దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన తిట్టాడు. వరండా అవతలి దాకా వినపడింది. రేపు పొద్దున కత్తి పట్టుకోవాల్సిన వాణ్ణి, నాకు సగం మ్యాపు ఇచ్చి గనిలోకి దింపుతారా అన్నాడు. తిట్టడం అయ్యాక మళ్ళీ గొంతు తగ్గించి, ముందు వెళ్ళి ఆమెకు చెప్పండి, నేను చెప్పను, మీరే చెప్పండి అన్నాడు.

వార్డుకు వెళ్ళేసరికి ఆమె మంచం మీద బాసింపట్టు వేసుకుని, పక్క మంచం ముసలమ్మకు జడ వేస్తోంది. నన్ను చూసి, వచ్చిందమ్మా మా అక్క, పొద్దున బయలుదేరితే ఇప్పటికి చేరింది అని ముసలమ్మకు చెప్పింది. భర్త కిటికీ దగ్గర నిలబడి కమలాపండు ఒలుస్తున్నాడు.

నేను మంచం అంచున కూర్చుని చెప్పాను. నీ ఫిల్మ్ సరిగ్గా తీయలేదు, వెనక భాగం రాలేదు, వస్తుందని తెలిసి కూడా అంతకంటే రాదని డాక్టరుతో అబద్ధమాడాను, మళ్ళీ తీయాలి, అది చూశాకే ఆపరేషన్ అని.

జడ వేసే చేతులు ఆగిపోయాయి.

"ఎందుకట్ల చేసినవక్కా?"

"నీకు నొస్తదని."

జడ చివర రబ్బరు వేసి, ముసలమ్మ భుజం తట్టి, అప్పుడు నా వైపు తిరిగింది. "నొస్తదని నీకు నేను చెప్పిన్నా? గా రోజు నాకు నొప్పి లేదక్కా. భయమైంది. నువ్వు నా మొఖం చూసినవ్. ఫొటో చూడాల్సింది, మొఖం చూసినవ్."

భర్త పండు తొనలు చేతిలో పట్టుకుని, ఇప్పుడు చూస్తే ఏమన్న దొరుకుతదా వదినె అని అడిగాడు. దొరకొచ్చు, దొరకకపోవచ్చు అన్నాను. ఆయన తొనలను స్టూలు మీద పెట్టాడు. ఆమె మంచం దిగి, చెప్పులు వెతుక్కుని, "పా" అంది.

ఈసారి భుజం సర్దడానికే పావుగంట పట్టింది. వేడినీళ్ళ సంచి పెట్టాను, కొంచెం కొంచెంగా చెయ్యి ఎత్తించాను. సూది గుచ్చిన చోటు ఇంకా పచ్చిగానే ఉంది. కండ పట్టుకుని ముందుకు లాగుతుంటే ఆమె గోడకు అంటించిన మిషన్ పేరు వైపు చూస్తూ చెప్పింది. "నేను వద్దన్న ఆగకు. ఏడ్చిన ఆగకు. నా మొఖం దిక్కు చూసినవనుకో, మీ చర్చిల పంతులుకు చెప్త."

ప్లేటు దించాను. బిగించాను. ఆమె నన్ను తిట్టింది. కొత్తగూడెం ఆవిడ తిట్లు ఈమె తిట్ల ముందు దిగదుడుపు. రామగిరి పల్లెల్లో పొలం గట్టు తగాదాల్లో పుట్టిన తిట్లు అవి. కొన్నిటికి అర్థం తర్వాత ఆమెనే అడిగి తెలుసుకున్నాను. ఆ తిట్ల మధ్యలో ఊపిరి బిగబట్టు చెల్లె అన్నాను. బిగబట్టింది. బటన్ నొక్కాను.

తెర మీద కండ పట్టీ కిందిదాకా వచ్చింది. దాని ముందు, మొదటి గడ్డకు చాలా దూరంగా, సున్నం తడిపి వేళ్ళతో విదిల్చినట్టు సన్నటి తెల్లటి చుక్కల గుంపు ఉంది.

రేడియాలజీ డాక్టరు వచ్చి చూశాడు. నా భుజం మీద చెయ్యి వేసి, ఫోన్ తీసి సర్జన్ సార్‌కు, రేపటిది ఆపండి అని చెప్పాడు.

హైదరాబాదు పంపి ఆ చుక్కల చోట సూదితో ముక్క తీయించారు. అదీ కేన్సరే, వేరే చోట మొదలైనది. రెండు మూలల్లో రెండు ఉన్నప్పుడు అక్కడింత ఇక్కడింత తీస్తే లాభం లేదు, రొమ్ము మొత్తం తీయాల్సిందే అన్నారు.

ఇక్కడ మీరు, ఆమె నాకు దండం పెట్టి ప్రాణం కాపాడావక్కా అందని అనుకుంటున్నారేమో. అలాంటివి సినిమాల్లో జరుగుతాయి. ఆమె నాతో మాట్లాడటం మానేసింది. మొత్తం తీయరు అన్న మాట పట్టుకుని అన్నాళ్ళు బతికింది కదా, ఆ మాటను నేనే ఇచ్చి నేనే లాక్కున్నాను. హైదరాబాదు నుంచి వచ్చాక నేను క్వార్టరుకు వెళితే, నిద్రపోతోందని ఆమె భర్త చెప్పాడు. లోపల గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉంది. ఆయన కూడా విన్నాడు, నేనూ విన్నాను, ఇద్దరం వినపడనట్టే కాసేపు గుమ్మంలో నిలబడ్డాం. ఆయన నాకు టీ పెట్టి ఇచ్చాడు. పప్పుచారు కంటే బాగుంది. వెళ్ళేటప్పుడు, ఆమెకు కోపం తగ్గే దాకా రాకు వదినె, కానీ రాకుండ ఉండకు అన్నాడు. ఆ మాట ఎలా పాటించాలో తెలియక రోజూ వాళ్ళ వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని.

ఈలోపు నేను జరిగింది జరిగినట్టు రాసి సూపరింటెండెంటుకు ఇచ్చాను. నాకు హెచ్చరిక మెమో ఇచ్చారు. అంత సర్వీసులో అదొక్కటే మెమో. న్యాయంగా ఇచ్చిందే కాబట్టి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం ఆమె భర్త ఫోన్ చేశాడు, నిన్ను పిలుస్తున్నది అని. వార్డుకు వెళ్ళాను. ఆమె నన్ను పక్కన కూర్చోమంది. "మొన్నటి దాక నీ మీదనే కోపమనుకున్నక్కా," అంది. "నెల రోజులు చేతికి తాకుతుంటే నేను చెప్పలేదు. గది యాదికొచ్చినప్పుడల్ల నిన్ను తిట్టుకున్న. ఎవర్నో ఒకర్ని తిట్టాలె గదా."

తిట్టుకో అన్నాను. ఇంకా మిగిలినయి, మత్తు దిగినంక తిడుత అంది. తర్వాత గొంతు మార్చకుండానే, తీసినంక ఎట్ల కనపడతదక్కా, నువ్వు మస్తుమందిని చూసినవ్ గదా అని అడిగింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. గీత ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉంటుందో, ఎన్నాళ్ళకు తడి ఆరుతుందో, జాకెట్టులో ఏం పెట్టుకుంటారో అన్నీ. ఈసారి ఒక్కటీ మెత్తగా చేసి చెప్పలేదు. ఆమె ఒక్కొక్కటీ అడిగి విన్నది. మధ్యలో ఒకసారి ఏడ్చింది. నేను ఆగలేదు, చెప్పడం పూర్తి చేశాను.

ఆపరేషన్ బాగా జరిగింది. తీసిన భాగాన్ని పరీక్షిస్తే, వెనకనున్నది మేం అనుకున్న దానికంటే పెద్దదని తేలింది. చంకలోకి పాకలేదు. మొదట అనుకున్నట్టు ఆ బుధవారమే గడ్డ వరకు తీసి ఉంటే అది లోపలే ఉండిపోయేది. సర్జన్ సార్ రిపోర్టు నా చేతికి ఇచ్చి, చదువుకోండి అన్నాడు. చదివాను. ముందు చెప్పి ఉంటే బాగుండేది, చివరికైనా చెప్పారు అన్నాడు. ఆ రెండు ముక్కల్లో ఏది మెచ్చుకోలో, ఏది తిట్టో ఇప్పటికీ నేను విడదీయలేను. రెండూ కలిపే దాచుకున్నాను.

నేను రిటైరయ్యే ముందు ఆమె డ్యూటీకి తిరిగి వచ్చింది. స్ట్రెచర్లు తోయకుండా తేలిక పని ఇచ్చారు. కేన్సర్ మళ్ళీ రాకుండా రోజూ మాత్ర వేసుకునేది. బరువు తగ్గింది, నోరు తగ్గలేదు. మొదటి రోజు మధ్యాహ్నం నా డబ్బా మూత తీసి చూసి ఏమీ అనకుండా సగం తన పళ్ళెంలో వేసుకుంది. నాకు అదే పెద్ద మాట.

ఆ తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు వాళ్ళ క్వార్టర్ల లైను నుంచి ఆడవాళ్ళను ఆటోలో వేసుకుని రావడం మొదలుపెట్టింది. అత్తలు, కోడళ్ళు, వాకిట్లో ముగ్గు సగంలో వదిలి వచ్చినవాళ్ళు. అందరినీ బెంచీ మీద కూర్చోబెట్టి, ఎంతసేపు నొస్తుందో, ఎందుకు నొస్తుందో ముందే చెప్పేది. ఇప్పుడు కథలు చెప్పడం లేదు, ఉన్నది ఉన్నట్టే చెప్తోంది.

నా ఆఖరి వారంలో వాళ్ళలో ఒక కోడలుపిల్ల తలుపు దగ్గర మొండికేసింది. తీసే మేడం మంచిదేనా, చెయ్యి తేలికేనా అని అడుగుతోంది. నేను లోపల మిషన్ తుడుస్తూ వింటున్నాను. నా చెల్లె ఏం జవాబు చెప్తుందోనని చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడ్డాను.

"చెయ్యి తేలిక కాదు," అని చెప్పింది. "మా అక్క ఒకసారి నాకు తప్పుగ తీసింది. తీసినంక తనే వచ్చి చెప్పింది. లోపలికి పో బిడ్డా, ఆమె దగ్గరైతే నేను మల్ల తీయించుకుంట."